సుద్ద పెట్టెలో ముల్లు

మా మాస్టారు పోయారని తెలిసేసరికి నేను దెందులూరు స్టేషన్లో ప్యాసింజరు కోసం నిలబడి ఉన్నాను. వాళ్ళావిడ ఫోను చేసి, "అమ్మా, మీ మాస్టారు పోయారమ్మా. తెల్లవారుజామున, నిద్రలోనే" అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. పది రోజుల క్రితమే ఆయనకి ఒక అబద్ధం చెప్పాను. తప్పు ఒప్పుకుందామంటే ఇక ఆయన లేరు.

ఏలూరు బజారు వెనక సందులో మాస్టారికి చిన్న కుట్టుకొట్టు ఉండేది. బోర్డు కూడా లేదు. జీన్సు ప్యాంట్లు తప్ప ఆయన ఇంకేమీ కుట్టేవారు కాదు. గుడ్డ తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెలో ముసలి నేతగాడు మగ్గం మీద నేసేవాడు. నీలిరంగు వేసిన మందపాటి నూలు గుడ్డ. నెలకి రెండు తానులు వస్తే ఆ నెల పండగే. ఆ ప్యాంట్లు వేసుకునేది షోకిలా కుర్రాళ్ళనుకునేరు. పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో గెలలు కోసేవాళ్ళు. పామాయిల్ మట్టకి రెండు పక్కలా ముళ్ళుంటాయి. గెల భుజానికెత్తుకుని నడుస్తుంటే కింద పడున్న మట్టలు మోకాళ్ళకీ తొడలకీ తగులుతాయి.

పదకొండేళ్ళ కిందట నేను పని నేర్చుకోవడానికి వెళ్ళాను. అప్పటికే మా ఊళ్ళో జాకెట్లు కుట్టి పేరు తెచ్చుకున్నదాన్ని, కాస్త తలబిరుసు కూడా ఉండేది. ఆయన నాకు మిషను ఇవ్వలేదు, బకెట్ ఇచ్చారు. నెల్లాళ్ళపాటు గుడ్డ నానబెట్టడం, పిండకుండా ఆరేయడం, మళ్ళీ నానబెట్టడం. అంతే పని. ఒకరోజు ఉండబట్టలేక, "ఆలస్యం అమృతం విషం అంటారు కదండీ మాస్టారూ" అన్నాను. ఆయన నవ్వి, "అమృతం సంగతి నాకు తెలీదమ్మా. గుడ్డ మాత్రం తొందరపడితేనే విషం. కుంచించుకుపోయేదేదో మన దగ్గరే కుంచించుకుపోనీ" అన్నారు.

ఆయన సుద్ద పెట్టెలో నీలం సుద్ద, తెల్ల సుద్ద, వాటి పక్కన ఒక పామాయిల్ ముల్లు ఉండేది. పాతబడితే పెళుసెక్కుతుందని ఏటా వానాకాలంలో కొత్తది తెప్పించుకునేవారు. కొత్త తాను రాగానే ఒక మూల నాలుగు మడతలు కాదు, ఒక్క మడతే పరిచి, కింద తన చూపుడువేలు పెట్టి, పైనుంచి ముల్లు నొక్కేవారు. నొక్కుతూ కళ్ళు మూసుకునేవారు. నాకు చూడాలంటే ఒళ్ళు జలదరించేది.

"ఎంత గట్టి గుడ్డయినా ముల్లు దిగకుండా ఉండదు కదండీ" అన్నాను ఒకసారి.

"దిగుతుందమ్మా. గుడ్డ ముల్లుని ఆపలేదు. మనిషికి ఒక్క మాట ముందు చెబుతుంది, అంతే. కాలు వెనక్కి లాక్కోవడానికి ఆ ఒక్క మాట చాలు."

తర్వాత చాలా రోజులకి, వాన పడి పని లేని ఒక మధ్యాహ్నం, ఆయనే చెప్పారు. వాళ్ళ తమ్ముడు తోటలో పని చేసేవాడట. రంజాన్ ముందు రద్దీలో మాస్టారు తమ్ముడికి బజారు గుడ్డతో ప్యాంటు కుట్టి ఇచ్చేశారట. ముల్లు మోకాలి కీలులోకి దిగి విరిగింది. పైకి ఆవగింజంత చుక్క. దానికి ఆస్పత్రి ఎందుకనుకున్నారు. కాలు మరి వంగలేదు. "నమాజుకి కుర్చీలో కూర్చునేవాడు మా తమ్ముడు. పక్కన నేను మోకాళ్ళ మీద వంగేవాణ్ణి" అన్నారు. అని, గుడ్డ ఆరిందేమో చూడమని నన్ను పెరట్లోకి పంపారు.

అందుకే ఆయన దగ్గర ప్యాంటు తీసుకెళ్ళడం ఓ తతంగం. వేసుకోవాలి, గొంతుక్కూర్చోవాలి, లేవాలి, ఏదో ఒకటి భుజాన పెట్టుకుని కొట్టులో అటూ ఇటూ నడవాలి. "ఏవండీ, పెళ్ళిచూపులా ఇది?" అని తోటవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆయన మాత్రం కింద కూర్చుని మోకాలి దగ్గర గుడ్డ ఎలా ముడుచుకుంటోందో చూసేవారు, ఆ తర్వాత తలెత్తి మొహం చూసేవారు. ఆరేళ్ళ తర్వాత మాసిక కోసం ప్యాంటు వస్తే, మనిషి రాకపోయినా అది ఎవరిదో చెప్పేవారు.

ఈ ఏడు వానలు మొదలవగానే మాస్టారు దగ్గుతో మంచాన పడ్డారు. సరిగ్గా అప్పుడే పెదవేగి మేస్త్రి ఒకతను నలభై ప్యాంట్లు కావాలన్నాడు. వారంలో కోత. కొలతలు కాగితం మీద రాసి పంపాడు. మగ్గం గుడ్డ కోసం ఫోను చేస్తే, ముసురుకి నూలు ఆరడం లేదన్నాడు నేతగాడు. ఇన్నాళ్ళకి ఇంత పని నా చేతికి వచ్చింది, పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. బజారులో మిల్లు గుడ్డ తెచ్చాను. చూపుకి అచ్చం అలాగే ఉంది. నానబెట్టలేదు. సుద్ద పెట్టె తీశాను, ముల్లు చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ అందులోనే పెట్టేశాను. ఏం చెబుతుందో నాకు తెలుసు. నలభై ప్యాంట్లూ కుట్టి బస్సులో వేసి పంపించాను.

మర్నాడు చూడ్డానికి వెళితే మాస్టారు అడిగిన మొదటి మాట, "ముల్లు ఏమందమ్మా?"

"ఆగిందండీ" అన్నాను.

ఆయన నా చూపుడువేలు వైపు చూశారు. నొక్కితే చిన్న ఎర్రచుక్కయినా పడుతుంది, ఒకటి రెండు రోజులుంటుంది. నా వేలు నున్నగా ఉంది. "సుద్ద పెట్టె నీ దగ్గరే ఉంచుకో" అని కళ్ళు మూసుకున్నారు. నాతో ఆయన ఆఖరి మాట అదే. ఆ మాటకి అర్థం నమ్మకమో, ఇంకోటో, నాకు ఇప్పటికీ తెలీదు.

జనాజా వెళుతుంటే నేను సందు మొగలో నిలబడ్డాను. తోటవాళ్ళు చాలామంది వచ్చారు. నా కళ్ళు పాడె మీద నిలవలేదు. వాళ్ళ మోకాళ్ళ మీదే ఉన్నాయి. కొందరివి పాత మగ్గం గుడ్డలు, కొందరివి నేను కుట్టినవి.

అక్కణ్ణుంచి తిన్నగా కొట్టుకి వెళ్ళి, మిగిలిన మిల్లు గుడ్డ ఒక్క మడత పరిచి, కింద వేలు పెట్టి ముల్లు నొక్కాను. అది ఏ మాటా చెప్పలేదు. ముల్లు సరాసరి వేల్లోకి దిగింది. ఆ వేలికి గుడ్డ చుట్టుకునే పెదవేగి బస్సెక్కాను.

మేస్త్రి ఆశ్చర్యపోయాడు. "ఏవండీ, బాగానే ఉన్నాయి కదండీ! తేలిగ్గా ఉన్నాయని మావాళ్ళు సంబరపడుతుంటేను!" అన్నాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, తోట తోటా తిరిగి ప్యాంట్లు వెనక్కి తీసుకున్నాను. పాతవి వేసుకోండని, కొత్తవి నేనే కుట్టి తెస్తానని చెప్పాను. ముప్పై తొమ్మిది దొరికాయి. నలభయ్యోది వేసుకున్నతను రెండు రోజుల ముందే పని మానేసి వెళ్ళిపోయాడట. ఏ తోటకో ఎవరికీ తెలీదు. వెళ్ళేటప్పుడు కొంచెం కుంటుతున్నట్టున్నాడని ఒకామె అంది. కాదు, అతని నడకే అంత అంది ఇంకొకామె. పేరు కూడా తలో పేరు చెప్పారు.

మాస్టారైతే అతన్ని కొట్టులో కూర్చోబెట్టి, లేపి, మొహం చూసి ఉండేవారు. నా దగ్గర ఉన్నది నడుము ముప్పై రెండు, పొడవు ముప్పై తొమ్మిది అని ఒక కాగితం ముక్క. అంతే.

మగ్గం గుడ్డ మొన్న వచ్చింది. రెండుసార్లు నానబెట్టాను, ముల్లుతో చూశాను, ఒక్క క్షణం ఆగింది. మొట్టమొదట కుట్టింది అతని ప్యాంటే. గుమ్మం పక్క మేకుకి తగిలించాను. కొత్త గుడ్డ కదా, బిరుసుగా, మనిషి లోపలున్నట్టే నిలబడి ఉంది. సందులో ఎవరైనా కుంటుతూ వెళుతుంటే మిషను ఆపి లేస్తాను. ముందు మోకాలు చూస్తాను. తర్వాత మొహం.