బిడ్డకు పెట్టని కాలు

నేను ఎదురుకాళ్లతో, అంటే తలకన్నా ముందు కాళ్లు బయటికొచ్చి పుట్టాను. పంతొమ్మిది వందల అరవైల్లో బోధన్‌లోని మా గల్లీకి నా గురించి తెలిసిన పెద్ద విశేషం అదే. అలా పుట్టినవాళ్లు కాలితో తొక్కితే నడుం పట్టు వదులుతుందని నమ్మకం. అందుకని నడుం పట్టేసినవాళ్లు పొద్దున్నే వచ్చి మా గడప ముందు బోర్లా పడుకునేవారు. చెరకు బండ్లు తోలేవాళ్లు, గాజులమ్మే ముసలి సాయిబు, ఎవరొచ్చినా పొయ్యి మీది చాయ్ దించి వెళ్లి తొక్కేదాన్ని. విసుక్కునేదాన్ని గానీ, లోపల కొంచెం గర్వంగానే ఉండేది.

ఒక ఏడు, ఊళ్లోని చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజుల్లో, నాలుగేళ్ల నా బిడ్డ పొద్దున మంచం దిగబోయి కూలబడింది. మోకాలు పట్టుకుని ఒకటే ఏడుపు. అంతకు ముందు జలుబు చేసిందంతే. ఎక్కడా పడలేదు, దెబ్బ తగల్లేదు. పోలియోనేమో అనుకున్నాను. ఆ జబ్బుతో కాలు సన్నబడిన పిల్లను వెనక గల్లీలో రోజూ చూస్తున్నదాన్ని.

మా అత్త మాత్రం నింపాదిగా వచ్చి చూసింది. "పట్టుకున్నట్టుంది. ఇంట్ల మందు పెట్టుకొని గట్ల బెదురుతవేందే? ఒక్కపారి కాలు పెట్టు."

కాలెత్తాను కూడా. బిడ్డ ముఖం చూసి దించేశాను. పిల్లను భుజాన వేసుకుని నిజామాబాద్ బస్సెక్కాను.

డాక్టరు మోకాలు నొక్కి చూస్తే బిడ్డ ఏడవలేదు. తొడను మెల్లగా లోపలికి తిప్పగానే కేక పెట్టింది.

"నొప్పి మోకాట్ల అంటది గని, వాపు తుంటి కీల్ల ఉన్నదమ్మా. జలుబు తర్వాత కొందరు పిల్లలకు గిట్లయితది. పోలియో కాదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన మళ్లీ భయపెట్టాడు. "నొప్పి పోయేదాక మంచం దిగనియ్యకు. తోముడు, తొక్కుడు ఏం వద్దు. జరం వస్తే మాత్రం ఒక్క పూట ఆగకు. చీము పడితే కీలు ఖరాబైతది."

ఏమీ చేయకుండా కూర్చోవడం నా వల్ల అయ్యే పని కాదు. మంచం పక్కన కూర్చుంటాను, లేస్తాను, వాకిట్లోకి పోతాను, తిరిగొచ్చి నుదురు చూస్తాను. అరచేతిని నమ్మక చెంప ఆనించి చూస్తాను.

"పండుకున్న పిల్లను లేపుతున్నవ్," అని అత్త కసిరింది.

"జరమొస్తే నువ్వు చెప్తవా?" అని నేనూ అరిచాను.

ఆ గొడవలోనే గడప ముందు ఒక బండి మనిషి వచ్చి పడుకున్నాడు. త్వరగా పోతాడులే అని వెళ్లి తొక్కి వచ్చాను. బిడ్డ మంచం మీంచి అంతా చూసింది.

"అందరికి పెడ్తవ్. నాకెందుకు పెట్టవే అమ్మా?"

వాపు, కీలు, డాక్టరు అంటూ ఏదో చెప్పబోయాను. వినకుండా గోడవైపు తిరిగింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా గడప దాటలేదు.

జ్వరం రాలేదు. పిల్ల మూలగడం మానేసింది, అయినా కిందికి దింపడానికి నాకు ధైర్యం చాల్లేదు. మంచం మీదికి వంగీ వంగీ ఒక పొద్దున నా నడుమే పట్టేసింది. నేల మీద బోర్లా పడ్డాను.

అత్త నవ్వింది. "గల్లి నడుములన్ని తొక్కితివి. ఇగ నీకెవరు తొక్కాలె?"

మంచం కిర్రుమంది. నా నడుం మీద ఒక చిన్న పాదం ఆనింది.

"నేను పెడ్త."

అది అందరిలాగే పుట్టిన పిల్ల, దాని కాలికి ఏ మహిమా లేదు. మెడ తిప్పి, నేల మీదున్న రెండో కాలు చూశాను. నొప్పి పెట్టిన కాలు అదే. ఒళ్లు బరువంతా దాని మీదే మోపి, దేన్నీ పట్టుకోకుండా నిలబడి ఉంది.

నా నడుము పట్టు ఏమాత్రం వదల్లేదు.

"ఇంకొంచెం తొక్కు బిడ్డా," అన్నాను.