విజయనగరం కాపీకి అందని కబురు

మా ఆసుపత్రికి రెండు శాఖలు: ఆమదాలవలసలో ఒకటి, విజయనగరంలో ఒకటి. వాటి కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. రోగుల వివరాలన్నీ ఆమదాలవలస సర్వర్లో పడతాయి. అది ప్రతి మార్పునూ వరసగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. విజయనగరం సర్వరు ఆ చిట్టా తెప్పించుకుని అదే వరసలో తన దగ్గరా ఒక కాపీ దింపుకుంటుంది; అక్కడి వార్డుల్లో తెరలు చూసేది ఆ కాపీనే. రాసింది కాపీకి చేరేదాకా ఆగితే తెర నెమ్మదవుతుందని, ఆమదాలవలస సర్వరు ఆగక్కర్లేదని పెట్టింది నేనే. శాఖ మారే రోగి వెంట వివరాల కాగితం పంపడం దండగని మాన్పించిందీ నేనే. చురుకైనవాణ్ణని పేరు కూడా వచ్చింది.

ఆయుధపూజ మర్నాడు మధ్యాహ్నం, విజయనగరంలో టీ తాగుతూ కాపీని చూశాను. చివరిగా అందిన నమోదు నిన్నటిది. కాపీ మాత్రం అడిగినవాళ్ళకి తడుముకోకుండా జవాబులు చెబుతోంది. తెలియదు అనే అలవాటు దానికి లేదు.

ఆమదాలవలస కౌంటరులో కూర్చునే ఆయనకి ఫోన్ చేశాను.

"బావా, నెట్ బాక్సు ఎలుగుతున్నాదా?"

"నిన్న పూజకని ఊడదీసి, తుడిసి, బొట్టెట్టినాను. ఏడాదికొక్క రోజైనా దానికి సెలవుండొద్దేటి?"

"సెలవైపోనాది కదా, మళ్ళీ తగిలించినావా?"

"ఇక్కడన్నీ పనిసేస్తన్నాయని మరిసిపోనాను."

"ఇయాల ఇటెవరినైనా పంపినారా?"

"మొన్న సేరిన శ్రీకూర్మం పెద్దాయన్ని. పొద్దున్న సూదేస్తే ఒళ్ళంతా పొంగి ఊపిరాడనేదు. ఆ మందు పడదని డాక్టరుగారు కంప్యూటర్లో రాసేసినార్లే. నువ్వు కంగారు పడకు."

బాక్సు తగిలించమని చెప్పి మెట్లెక్కాను. మూడంతస్తులు. లిఫ్టు కోసం నిలబడేంత ధైర్యం లేదు.

వార్డులో తెర మీద "పడని మందులు: లేవు" అని ఉంది. నర్సు చేతిలో నిండిన సిరంజి. ఆగమని అరిచాననుకున్నాను. అప్పటికే పెద్దాయన భార్య నర్సు చెయ్యి పట్టుకుని ఉంది.

"ఓలమ్మో, ఇదే మందు కాదేటి? పొద్దున్న ఇదే ఏసి సంపేయబోనారు!"

"కంప్యూటర్లో అలా లేదమ్మా."

"కంప్యూటరు సూసినాదేటి? నాను సూసినాను." చెంగు ముడి విప్పి, పొద్దుటి ఖాళీ సీసా తీసింది.

"ఆవిడ చెప్పిందే నిజం," అన్నాను. ఈసారి వినబడింది. నర్సు రెండు సీసాల మీద పేర్లూ చదివి, సిరంజిని ట్రేలో పెట్టేసింది. ఆమె ముఖం తెల్లబోయింది. నాది ఎలా ఉందో ఎవరూ చెప్పలేదు.

కొన్ని నిమిషాలకి తెర మారింది. "ఈ మందు పడదు," అంది, పొద్దుటి నుంచీ తనకి తెలిసినట్టే.

ఇప్పుడు రోగి వెంట కాగితం వెళుతుంది. ఏటా ఆయుధపూజకి నేనే ఆమదాలవలస వెళ్ళి, వెలుగుతున్న బాక్సుకే బొట్టు పెడతాను.