నకలు ఉంచుకోని సైదులు గారు

మొన్న సోమవారం కోదాడ బడిలో నాలుగో తరగతికి పాఠం చెబుతుండగా ఒక అపరిచితుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముఖమంతా దారి దుమ్ము.

"మిర్యాలగూడ నుంచి వచ్చిన సారూ. మా అన్న పోయిండు. మీకు తప్పకుంట చెప్పమన్నడు" అన్నాడు.

ఆయన సైదులు గారి తమ్ముడు. మూడు వారాల విషజ్వరం నలభై ఏళ్లైనా నిండని ఆ అన్నను తీసుకుపోయింది. మాట చెవిన పడింది గాని మనసుకెక్కలేదు. పిల్లలను ఏమని చెప్పి ఇంటికి పంపానో గుర్తు లేదు. ఆనాటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. ఈ వ్యాసమే మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ లేచి వీధి చివరిదాకా నడిచి వచ్చాను.

సైదులు గారు మిర్యాలగూడ తాలూకా కచేరీలో నకళ్లు రాసే గుమాస్తా. ఇతరుల అర్జీలనూ, తీర్పులు చెప్పే ఫైసలాలనూ ఉర్దూలో తిరగరాయడమే ఆయన జీవనోపాధి. ఆయనతో నా పరిచయం రెండేళ్ల కిందట, మాఘమాసంలో, గరిడేపల్లి దగ్గరి మామిడితోటలో కలిగింది. సూర్యాపేటలో గ్రంథాలయం నడిపే మాధవయ్య గారు రచనాభిలాష గల ఎనిమిది మందిని పోగుచేసి, తమ తోటలో పది రోజుల రచనా శిబిరం ఏర్పాటు చేశారు. పొద్దున ఎవరి చెట్టు కింద వారు రాసుకోవాలి. సాయంత్రం అందరూ చేరి చదివి వినిపించాలి. అంతకు మించి నియమాలు లేవు. కోదాడ నుంచి నేను వెళ్లాను.

ప్రశాంతంగా రాసుకోవడానికి వెళ్లామే గాని, దేశంలో శాంతి ఎక్కడిది? తెలుగు పుస్తకం చేతిలో ఉంటేనే సర్కారు అనుమానంగా చూసే రోజులు. దూరాన గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తే చాలు, ఎనిమిది కలాలూ ఆగిపోయేవి. అటువంటి చోటికి రెండో రోజు మధ్యాహ్నం ఎడ్లబండిలో తొమ్మిదో మనిషి దిగారు. షేర్వాణీ, తలమీద ఎర్రటి రూమీ టోపీ. అచ్చంగా కచేరీ వేషం. చేతుల్లోని కాగితాలు బోర్లించి పెట్టుకున్నాం.

"నా పేరు సైదులు. మాధవయ్య సారు రమ్మన్నరు. కచేరీల రజా దొర్కేసరికి ఒక దినం ఎనుకబడ్డ" అన్నారు నవ్వుతూ.

ఆయన కూర్చునే మనిషి కారు. చెట్టు నుంచి చెట్టుకు తిరుగుతూ, నిలబడే రాసేవారు. ఆ రాసేది కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో. సాయంకాలం మాలో ఎవరైనా చదువుతుంటే ఆయన కలం మరింత చురుకయ్యేది. తన వంతు వస్తే మాత్రం, "నాది ఇంక కాలే సార్, జర ఆగుండ్రి" అనేవారు. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఇంతలో గరిడేపల్లి ఠాణా జవాను ఒకడు తోట దగ్గరకు వచ్చి, లోపల ఎందరున్నారని కాపలావాణ్ణి అడిగిపోయాడు. ఇక, మాధవయ్య గారు పిలిచిన మనిషే అయినా, మాకు సందేహం లేకపోయింది. మా మాటలన్నీ ఎక్కించి పై అధికారులకు పంపడానికే ఈ గుమాస్తా వచ్చాడని తీర్మానించుకున్నాం.

ఆయన బావి దగ్గరకు స్నానానికి వెళ్లిన సమయంలో ఆ నోటుబుక్కు తీసింది నేనే. ఇది దాచుకోవలసిన సంగతి కాదు. నాకు ఉర్దూ రాదు. బెజవాడ వైపు చదువుకున్నవాణ్ణి. మాలో ఉర్దూ వచ్చిన, సూర్యాపేటలో వకీలు దగ్గర పనిచేసే అనంతయ్య చేతిలో పెట్టాను. అతను రెండు పంక్తులు చూసి కనుబొమలు ముడిచాడు.

"ఇది ఉర్దూ గాదు."

"మరేమిటి?"

"అచ్చరాలు ఉర్దూయే. మాట తెలుగు."

అని నెమ్మదిగా, తడుముకుంటూ చదవసాగాడు. పెద్దవూర దిక్కునుంచి ఎల్లమ్మ అనే కూలిమనిషి కచేరీకి వచ్చింది. వెట్టికి పట్టుకుపోయిన పెనిమిటి తిరిగి రాలేదని అర్జీ పెట్టుకుంది. గుమాస్తా అర్జీ నకలు రాసి ముగించాడు. ఆమె అడిగింది: "నేను చెప్పిందంత రాసినవా బిడ్డా? నేనేడ్సింది గూడ రాసినవా?" దానికి అర్జీలో చోటు లేదన్నాడు గుమాస్తా. ఆ చోటు లేని మాటలన్నీ, ఎల్లమ్మ నోటి మాటగానే, ఆ నోటుబుక్కు నిండా ఉన్నాయి. చివరి పుటల్లో మాత్రం విడివిడి పదాలు. మేము సాయంత్రాలు చదివినప్పుడు విని, నచ్చి రాసుకున్న తెలుగు మాటలవి. మేము నివేదిక అనుకున్నది అదే.

తలెత్తి చూస్తే సైదులు గారు తడి తలతో ఎదురుగా నిలబడి ఉన్నారు. అనంతయ్య చదవడం ఆపాడు.

"ఆపినవేందన్నా? సదువు. నేను రాసింది ఇంకోళ్ల నోట ఇనుడు గిదే మొదలు" అన్నారు అనంతయ్యతో.

ఆ సాయంత్రం నేను వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన నడుస్తూనే జవాబిచ్చారు. "భయపడ్డరు సార్. గీ దినాలల్ల భయపడనోడెవడు? గనీ నాకొక పని చెయ్యుండ్రి. నాకు తెలుగు అచ్చరాలు నేర్పుండ్రి. మా బడిల ఉర్దూ తప్ప చెప్పలే. అమ్మతోని మాట్లాడే మాటను రాసుకునే తొవ్వ లేదు నాకు."

మర్నాటి నుంచి చెట్ల మధ్య నడుస్తూనే పాఠం. నా జీవితంలో అంత తొందరపడిన విద్యార్థిని చూడలేదు. గుణింతం రెండు రోజుల్లో పట్టేశారు. ఒత్తుల దగ్గర మాత్రం చికాకుపడేవారు. "గీ అచ్చరం కింద గింకో అచ్చరం ఏలాడుడేంది సార్? పక్కన నిలబెట్టరాదా?" అని ఆయన అడిగితే మాధవయ్య గారితో సహా పదిమందిమీ నవ్వాం. ఆ తోటలో మేము మనసారా నవ్వుకున్నది అప్పుడే.

తొమ్మిదో రోజు పొద్దుగూకే వేళ ఠాణా అధికారి అమీను ఇద్దరు జవాన్లతో వచ్చాడు. రాసిన కాగితాలన్నీ మూటకట్టమన్నాడు. మాధవయ్య గారు ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు సైదులు గారు గుడిసెలోకి వెళ్లి, షేర్వాణీ గుండీలు పెట్టుకుని, టోపీ సవరించుకుని వచ్చారు. అమీనుకు సలాము చేసి ఉర్దూలో ఏదో గంభీరంగా చెప్పి, తన నోటుబుక్కు అతని చేతిలో పెట్టారు. అమీను నాలుగు పుటలు తిప్పాడు, తలూపాడు, దాన్ని చంకలో పెట్టుకుని గుర్రమెక్కాడు. మా కాగితాల వంక మళ్లీ చూడలేదు.

"ఏమని చెప్పారు?" అన్నాను.

"నేను సర్కారీ నౌకర్ను, ఈళ్లు తెలుగుల రాసిందంత ఇందుల ఎక్కించిన, ఠాణాల తెలుగు సదివెటోళ్లు లేరు గద, గిదొక్కటి సాలన్న."

"నకలు ఉందా?"

ఆయన నవ్వారు. "ఊరందరి కాగితాలకు నకళ్లు రాస్త. నాదానికి రాస్కోలే."

ఆ తర్వాత ఆయనను రెండుసార్లు ఠాణాకు పిలిపించి, ఎల్లమ్మ ఎవరని నిలదీశారట. కథ అంటే నమ్మలేదట. సర్కారు మారాక ఆయన స్వయంగా వెళ్లి నోటుబుక్కు అడిగారు; పాత కాగితాలు ఎటు పోయాయో తెలియదన్నారు. కొత్తగా నేర్చిన తెలుగు లిపిలో మళ్లీ రాయబోయి పదకొండు పుటల దగ్గర ఆగిపోయారు. "తోటల ఉన్నప్పుడు ఎల్లమ్మ గొంతు చెవుల వినపడేది సార్. ఇప్పుడు నా గొంతే వినపడుతది" అన్నారు నాతో ఒకసారి, కచేరీ వసారాలో అటూ ఇటూ తిరుగుతూ.

ఇక రాయడానికి చేయి రాని మాట ఒకటి మిగిలింది. శిబిరం ముగిశాక దాని విశేషాలు ఒక పత్రికకు రాసి పంపింది నేను. అందులో పాల్గొన్నవారి పేర్లు ఎనిమిదే ఇచ్చాను. సైదులు గారి కొలువుకు ముప్పు రాకూడదని అలా చేశానని అందరికీ చెప్పాను. అది నిజమే. కాని ఆయనను అడగలేదు. రాసేటప్పుడు ఆయన పేరు వదిలేయడం నాకు కష్టంగా తోచలేదన్నదీ నిజమే.

ఆ పత్రిక ఆయనకు చేరింది. తర్వాత కలిసినప్పుడు దాన్ని మడతపెట్టి జేబులో ఉంచుకుని ఉన్నారు.

"అచ్చుల పడ్డ తెలుగు నా అంతట నేను సదివిన మొదటిది మీరు రాసిందే సార్. పేర్లన్ని కూడబలుక్కుని సదివిన. ఒక్క ఒత్తు తప్పు పోలే." జేబులోని పత్రిక తడుముకున్నారు. "పేజీ ఎనుక గూడ తిప్పి సూసిన."

అంతే. టీ తాగుదాం రమ్మని బజారుకు తీసుకుపోయారు.

ఆనాడు మా ఎనిమిది మంది కాగితాలూ భద్రంగా ఇల్లు చేరాయి. వాటిలో కొన్ని అచ్చయ్యాయి, కొన్నింటికి మెప్పులూ వచ్చాయి. అన్నీ పక్కపక్కన పెట్టి చూసినా ఎల్లమ్మ చెప్పిన ఒక్క పుటకు సాటి రావు. ఆ నోటుబుక్కు మళ్లీ దొరకదు. దాన్ని రాయగలిగిన ఒక్క మనిషీ వెళ్లిపోయారు. గరిడేపల్లి మామిడితోటలో రచన చేసినవారు ఎనిమిది మంది కాదు, తొమ్మిది మంది. తొమ్మిదోవారి పేరు సైదులు. చదవడానికి ఆయన లేని వేళ ఈ పేరు అచ్చుకు పంపుతూ, చేతులు జోడిస్తున్నాను.