చీపురుపుల్ల చూపించిన పెంకు

నిన్న కారే నల్లాను నేనే బాగుచేస్తానని పానా పట్టి, ఆ నల్లానే ఊడబీకి నిలువునా తడిశాను. వెంటనే మా బాపు గుర్తొచ్చాడు.

కాశిబుగ్గలో మాది పెంకుటిల్లు. వాన పడితే ప్రతి చుక్క కిందా సత్తు గిన్నె పెట్టేవాళ్లం, మీకూ గుర్తుండే ఉంటుంది. ఏ గిన్నె నిండిందో అమ్మ వంటింట్లోంచే చప్పుడును బట్టి చెప్పేది. ఒక ఏడు ఒక చుక్క సరిగ్గా బాపు చీరలు నేసే మగ్గం మీదికి జరిగింది. నేలలో గుంట తవ్వి పాతిన మగ్గం, పక్కకు జరపలేం. సగం నేసిన చీర తడిస్తే రంగు దిగి, బాపు కష్టమంతా పోతుంది.

వాన తెరిపివ్వగానే బాపు ఒక కొత్త పెంకు పట్టుకుని పైకెక్కాడు. ఏ పెంకు కారుతోందో పైనుంచి తెలియదు కాబట్టి, అమ్మ లోపలినుంచి ఆ సందులో చీపురుపుల్ల గుచ్చింది.

“కనవడ్తాందా?”

“కనవడ్తాంది, జర ఆగు!” అంటూ అటు నడిచి, కాళ్లకింద నాలుగు పెంకులు పటపటా పగలగొట్టాడు.

“ఇగ దిగు మారాజా! ఇంకో అడుగేస్తే చీపురుల పుల్లలన్ని గుచ్చినా సరిపోవు!”

పుల్ల ఉన్నచోట కొత్త పెంకు మాత్రం సరిగ్గానే కప్పి దిగాడు. మళ్లీ వాన వచ్చింది. ఇల్లు నాలుగు కొత్తచోట్ల కారింది కానీ మగ్గం మీద ఒక్క చుక్క పడలేదు. గిన్నెల నడుమ కూర్చుని బాపు హాయిగా బీడీ ముట్టించాడు.

చుట్టూ నీళ్లు కారుతున్నా కలిగే ఆ నిశ్చింత ఎలాంటిదో నిన్న తెలిసింది, మా ఆవిడ నా చేతిలోంచి పానా లాక్కుని ప్లంబర్‌కు ఫోన్ చేసినప్పుడు.