చామనచాయ

మా ఊళ్లో తెల్లచొక్కా మధ్యాహ్నం దాకా తెల్లగా ఉండదు. పవర్ స్టేషన్ పొగగొట్టాల బూడిద ఆరేసిన బట్టల మీదా, మూత తీసిన పెరుగు మీదా వాలుతుంది. ఎవరినీ తిట్టలేం. సగం ఊరికి జీతాలు ఆ గొట్టాల పుణ్యమే.

బూడిద మీద చాలా జోకులు వేశాను. ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లూ మోస్తూ వచ్చాను. మీరు నన్నెరగరు కాబట్టి చెబుతున్నాను.

డిగ్రీ అయ్యాక పవర్ స్టేషన్ కాలనీ గేటు దగ్గర ఫోటో స్టూడియోలో కంప్యూటర్ పని చేసేవాణ్ణి. రోజూ పొద్దున స్క్రీన్ తుడిచి, నమూనా ప్రింటు పక్కన పట్టుకుని, రెండూ ఒకేలా కనబడేదాకా వెలుగూ రంగులూ సరిచేయాలి. తేలికైన పని. అందుకే ఆ తుడవడం, సరిచేయడం మానేశాను.

శంకరమ్మ భర్త బొగ్గు యార్డులో కూలీ. వాళ్ల కూతురు జ్వరంతో పోయింది. ఉన్నది ఒకటే ఫోటో, వానకు తడిసి రంగు పోయింది. దాన్ని పెద్దది చేయమని ఒకరోజు శంకరమ్మ తెచ్చింది. స్క్రీన్ మీద పిల్ల మసకగా కనబడింది. వెలుగు పెంచాను. ఇంకా పెంచాను. ప్రింటు తీసి ఇచ్చాను.

"నా బిడ్డ గింత తెల్లగ లేకుండె తమ్మీ. చామనచాయ," అంది.

నల్లగా వచ్చిందని తగాదా పడేవాళ్లే గానీ, తెల్లగా వచ్చిందన్నది నువ్వే మొదలక్కా అన్నాను. ఆమె నవ్వలేదు. స్క్రీన్ పొద్దున్నే సరిచేశానని, మిషన్‌కు మరుపుండదని, ఏడ్చి ఏడ్చి నీకే గుర్తు తప్పిందని నచ్చజెప్పాను.

"చదువుకున్నోనివి. గట్లనే ఉండొచ్చు," అని ఫోటో కొంగులో చుట్టుకుని వెళ్లింది.

ఆమె ఇంకా గేటు దగ్గరే ఉంది. అనుమానమొచ్చి స్క్రీన్ మీద వేలితో గీశాను. గీత మేర బూడిద పోయి పిల్ల పాలిపోయి కనబడింది. బూడిద ఉన్నచోట చామనచాయ.

పిలవొచ్చు. మళ్లీ ప్రింటు తీయడం ఎంతసేపు? పిలవలేదు. స్క్రీన్ మాత్రం శుభ్రంగా తుడిచాను.

ఎందుకు పిలవలేదు? బద్ధకమా? బద్ధకమైతే ఇన్నేళ్లు వెంటాడదు. ఒక తల్లి తన కళ్లతో చూసిన బిడ్డ మొహాన్ని తనే అనుమానించేలా చేసిన నోరు ఇంకా నా దగ్గరే ఉంది, దాంతోనే ఇప్పటికీ నలుగురినీ నవ్విస్తున్నాను. ఇంతదాకా రాశాక కాస్త తేలికగా ఉంది. ఆ తేలిక మీదా నాకు పెద్దగా నమ్మకం లేదు.

మొన్న ముదగల్ బస్సు కోసం నిలబడితే ఆమె కనబడింది. నన్ను గుర్తుపట్టింది. "అక్కా, ఆ ఫోటో..." అన్నాను.

"రోజూ చూస్తనే ఉంట తమ్మీ. ముందుగల దాని అస్లీ మొహం యాదికొస్తుండె. ఇప్పుడు నీ ఫోటోలదే వస్తది."