చుండ్రుకు కాళ్లొచ్చిన రోజు

నా తల మీద నాకు ఎంత నమ్మకమంటే, దాని లోపల ఏముందో, పైన ఏముందో ఏనాడూ చూసుకోలేదు. ఆ తెలివితక్కువతనం వల్ల ఒక సాయంత్రం భూపాలపల్లిలో మా క్వార్టర్ల వరుస మొత్తం చూస్తుండగా ప్లాస్టిక్ స్టూలు మీద తల వంచుకుని కూర్చోవాల్సి వచ్చింది. చెప్తాను, నవ్వండి. నవ్వుతూ తల మాత్రం గోక్కోకండి, నాకు అనుమానం వస్తుంది.

మా అక్షయ మూడో తరగతి. పక్క క్వార్టర్ ప్రభుదాస్ అన్న కూతురు మెర్సీదీ అదే తరగతి, అదే బెంచీ. పిల్లలు ఇద్దరు గానీ టిఫిన్ డబ్బా ఒకటే అన్నట్టుండేవారు. ఒకరోజు నా భార్య స్వరూప పిల్లకు జడ వేస్తూ ఆగింది.

"పేలు పడ్డయి," అంది, పాలు పొంగినయి అన్నంత మామూలుగా.

నాకేమో ఇంట్లో పులి దూరినట్టయింది. "మన ఇంట్ల పేలా? గా మెర్సీ నుంచే వచ్చినయి. ఎప్పుడు సూడు, ఇద్దరి నెత్తులు ఆనిచ్చుకునే కూసుంటరు."

"బడికి పోయే పిల్లలకు పేలు పడక పెన్నిధులు పడ్తయా? తడి జుట్టు పేల దువ్వెనతోని దువ్వాలె. మల్ల కొన్ని రోజులకు ఒకసారి దువ్వాలె. ఇంట్ల అందరివి సూడాలె, అంతే."

"అందరివి అంటే నాది గూడనా?"

"నువ్వు గోక్కోబట్టి చాన రోజులాయె."

"అది చుండ్రు!" అన్నాను గర్వంగా. ఆ చుండ్రు కోసం ఖరీదైన నూనె రాసుకుంటున్నవాణ్ని మరి.

"పోనీ, పిల్లకు కిరసనాయిలు పెడ్దామా?" అని నేనే మళ్లీ అడిగాను.

"అది పిల్ల నెత్తి, స్టవ్వు గాదు! బొబ్బలు లేస్తయి."

వైద్యంలో నా సాయం వద్దన్నారు కాబట్టి న్యాయం వైపు వెళ్లాను. ప్రభుదాస్ అన్న అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, గుమ్మంలో చాయ్ తాగుతున్నాడు.

"అన్నా, ఏమనుకోకు. మెర్సీ నెత్తి జర సూపియ్యి. కొన్ని రోజులు మా పిల్లతోని కూసోకుంటే మంచిగుంటది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మంచిది తమ్మీ," అన్నాడు. అంత మర్యాదగా అన్నాడంటే లోపల ఎంత కాలిందో మీరే ఊహించుకోండి. తలుపు వెనక మెర్సీ నిలబడి ఉంది. నేను చూడనేలేదు.

మర్నాటి నుంచి మెర్సీ తలకు స్కార్ఫు కట్టుకుని ఒక్కతే బడికి పోయింది. అక్షయ టిఫిన్ డబ్బా నింపింది నింపినట్టే తిరిగొచ్చింది. స్వరూప ఎంత దువ్వినా పిల్ల తలలో పేలు మళ్లీ ప్రత్యక్షమవుతూనే ఉన్నాయి.

"బాపూ, మెర్సీ నాతోని మాట్లాడ్తలేదు," అంది అక్షయ, రోజూలాగే నా భుజం మీద వాలి ఫోన్ చూస్తూ. "వాళ్లమ్మ జుట్టంత దువ్వి సూసిందని క్లాసుల అందరికి చెప్పింది. ఒక్క పేను గూడ లేదట."

"మరి ఎక్కడివమ్మా అవి?"

పిల్ల ఫోన్ వదిలేసి నా చెవి పక్కన తదేకంగా చూస్తోంది.

"బాపూ, నీ చుండ్రు నడుస్తున్నది."

స్వరూప నా భుజాల మీద తెల్ల తువ్వాలు పరిచి ఒక్కసారి దువ్వి, కేకేసింది. "చుండ్రేందయ్యా! నీ నెత్తిల పేలకు క్వార్టర్లు అలాటైనయి!"

ఆమె నవ్వుతోంది. నాకు మాత్రం ఆ స్కార్ఫు గుర్తొచ్చింది. పిల్లలకు జ్వరం వస్తే పదిమందికి చెప్పుకుంటాం, పేలు పడితే పదిమంది మీదికి తోస్తాం. నేను తోసింది ఎనిమిదేళ్ల పిల్ల మీదికి. పేను కుడితే దురద పెట్టి పోతుంది. నా మాట ఆ పిల్లకు ఎక్కడ కుట్టిందో ఏ దువ్వెనకూ అందదు.

తల ఎత్తుకుని అడిగిన గుమ్మానికే తల దించుకుని వెళ్లాను. మెర్సీ ముందు కూలబడ్డాను.

"బిడ్డా, ఆ పేలు నీయి కావు. నాయి. తప్పు నాదే."

మెర్సీ తీర్పు చెప్పింది. "అయితే నేనే దువ్వుత."

అలా స్టూలు వాకిట్లోకి వచ్చింది. మెర్సీ స్కార్ఫు ఇంకా గట్టిగా బిగించుకుంది, ఈసారి నా నుంచి రక్షణకు. అక్షయ దువ్వెన కడగడం, మెర్సీ దువ్వడం, ఒకటి దొరికినప్పుడల్లా ఇద్దరూ కలిసి కేక పెట్టడం. ఆ కేకలకు వరుసంతా బయటికొచ్చింది. అన్నిటికంటే పెద్ద నవ్వు ప్రభుదాస్ అన్నదే.

"తమ్మీ, కొన్ని రోజులు మా పిల్లతోని కూసోకుంటే మంచిగుంటది!"

మర్నాడు అక్షయ డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. ఆ దువ్వెన సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఏ పిల్ల తల గురించీ నోరెత్తను, ముందు నా తల చూసుకుంటాను.

గమనించారు కదా, ప్రమాణం పిల్లల తలల వరకే. కొన్నాళ్లకు గేటు దగ్గర ప్రభుదాస్ అన్న చెవి వెనక తెగ గోక్కుంటూ కనిపించాడు.

"ఏందన్నా?"

"ఏం లే తమ్మీ. చుండ్రు."

లోపలికి వెళ్లి స్టూలు తెచ్చి వాకిట్లో వేసి, వరుస చివరిదాకా వినబడేట్టు పిలిచాను.

"మెర్సీ! అక్షయా! దువ్వెన పట్టుకొని రాండ్రి!"