తుపాకి దుర్బిన్ల భూమేష్

భూమేష్ పారిపోయిండని జెద్దా షరఫియా గల్లీల చాయ్ తాగేటోళ్లందరు అంటున్నరు. యాడనో ఎక్కువ జీతం దొరికిందట, కఫీల్‌కు, అదే వీసా ఇచ్చిన సేటుకు, చెప్పకుంట ఉరికిండట. ఉత్త అబద్ధం! ఆయనను గడప దాటించింది ఆ కఫీలే.

కోరుట్ల మనిషి. పద్దెనిమిదేండ్లు జెద్దాల వేట సామాన్ల దుకాన్ల ఉన్నడు. అకామాల, అంటే ఆడ ఉండే పర్మిట్ కార్డుల, రాసింది ఊడ్చే పని, చేసేది తుపాకులకు దుర్బిన్లు బిగించుడు. దూరం కొట్టేందుకు దుర్బిన్ కావాలని ఎవలచ్చినా, మిట్టమధ్యాహ్నం ఎనుక తలుపు తీసి ఎండల నిలవెట్టేటోడు. దుర్బిన్లకెల్లి అవుతలి నీళ్ల ట్యాంకు మీది రాత సదువుమనేటోడు.

"ఏసీల అన్ని మంచిగనే కనవడ్తయి షేక్. మీరు ఏసీల వేటాడుతరా?"

సౌదీలకే ఎక్కువ కొలువులియ్యాలన్న నితాకత్ కానూన్ల దుకాన్ ఎర్ర జాబితల పడ్డది. పరాయి మనిషి తల మీద నెలనెలా పన్ను. గిరాకితోని మాట్లాడేది సౌదీనే ఉండాలన్నరు.

"నీ నోరు ఇగ బంద్," అన్నడు కఫీల్. "మనుషులొస్తే చీపురు పట్టు. ఆఫీసోళ్లు చూసిండ్రంటే నీ అకామా నేను కాపాడ."

భూమేష్ చీపురు పట్టిండు. వచ్చే నెల చుట్టీ ఉన్నది. పెండ్లాం ముత్యవ్వ మొఖం చూసి నాలుగేండ్లు.

ఓ దినం పాత గిరాకి అబ్దుల్ వహాబ్ వచ్చిండు, ముసలాయన. కౌంటర్ల కొత్త సౌదీ అన్నింట్ల పెద్ద దుర్బిన్ తీసిండు. ఇరవై అయిదు రెట్లు దగ్గర చేస్తదట.

"ఏం భూమేష్, ఇది మంచిదేనా?"

భూమేష్ ఊడుస్తున్నడు.

"నాలుక గూడ ఊడ్చేసినవా ఏంది?"

ముసలాయన పైసలు తీసిండు, చెయ్యి గజగజ వణుకుతున్నది. భూమేష్ ఇగ ఆగలేకపోయిండు.

"వద్దు షేక్. ఎండల దాంట్ల బొమ్మ ఎసరు మరిగినట్టు ఊగుతది. నీ చెయ్యి నిలువదు. పది రెట్లది తీస్కో, జంతువు కనవడ్తది."

పక్కన కత్తులు చూస్తున్న మనిషి మెల్లగ తిరిగిండు. "నీ అకామా చూపియ్," అన్నడు. లేబర్ ఆఫీసాయన.

కఫీల్ ఏం చేసిండో ఎరుకేనా? జుర్మానా తన మీద పడొద్దని అదే దినం కంప్యూటర్ల భూమేష్ మీద హురూబ్ ఎక్కించిండు, అంటే పని ఇడిసి పారిపోయిండని. మరి దుకాన్ల ఎందుకున్నడని ఆఫీసాయన అడిగితే, బట్టలు తీస్కపోను వచ్చిండన్నడట! ముసలాయన మాత్రం పది రెట్లదే కొన్నడు.

హురూబ్ పడ్డ మనిషి ఇమానం ఎక్కలేడు, పని దొరకదు, పోలీసుకు దొర్కితే జైలే. భూమేష్ ఆడికి దూరమున్న అల్ ఖర్జ్ ఊరి అవుతల, కాయితాలడుగని గొర్ల కాపల పనికి పోయిండు. ముత్యవ్వకు ఫోన్ చేసి, "చుట్టీ జర ఎనుకకు పోయిందే, ఏం ఫికర్ చెయ్యకు," అన్నడు. పదకొండు దినాలాయె, భూమేష్ ఫోన్ బంద్ ఉన్నది.

అల్ ఖర్జ్‌ల పాల ఫారాలల్ల మనోళ్లు చానమంది ఉన్నరు. అయ్యా, గొర్ల మందలు కనవడ్తే జర ఆగి అడుగుండ్రి. పొట్టిగ, నెరిసిన మీసాలుంటయి. కనవడ్తే బువ్వ తిన్నడా అడిగి, ముత్యవ్వకు ఒక్క ఫోన్ కలిపియ్యుండ్రి.